నీడల దేశానికి దారి: ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ ఆడేవారికి సమగ్ర మార్గదర్శి

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించిన ‘ఎల్డెన్ రింగ్’ అనే వీడియో గేమ్ 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. దాని విస్తరణ భాగమైన ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ 2024 జూన్ 21న వచ్చింది. కడపలో నాకు తెలిసిన కుర్రవాళ్లు చాలామంది అసలు ఆటను చివరిదాకా ఆడి, ఆ ధైర్యంతోనే ఈ విస్తరణలో అడుగుపెట్టి, మొదటి మైదానం దాటకుండానే ఆగిపోయారు. “ఏందన్నా ఇది, లెవెల్ 150 ఉన్నా రెండు దెబ్బలకే పోతాండా” అని వారిలో ఒక తమ్ముడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

జవాబును ముందే చెప్పి, తర్వాత వివరంగా నడుస్తాను. ఈ విస్తరణలో మన బలం లెవెల్ మీద కన్నా, ఆ దేశంలో మనం ఎంత తిరిగామన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అక్కడ దొరికే ఒక ప్రత్యేకమైన వస్తువును వెతికి తెచ్చుకున్నవాడే నిలబడతాడు. బాస్ (అంటే ఆ చోటుకు కాపలా ఉండే పెద్ద శత్రువు) తలుపు ముందు కూర్చుని అదే పోరాటాన్ని మళ్లీ మళ్లీ చేసేవాడు విసిగిపోతాడు. కాబట్టి కింద చెప్పిన క్రమమంతా ముందు తిరగడం, తర్వాత పోరాడడం అన్న పద్ధతిలోనే ఉంటుంది. కథలోని కొన్ని మలుపులను చెప్పక తప్పలేదు. అవి ముందుగా తెలియకూడదనుకునేవారు చివరి రెండు భాగాలను ఆట పూర్తయ్యాక చదువుకోవచ్చు.

యంత్రం సంగతి

ఈ ఆట స్క్రీన్ మీద సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపదు కాబట్టి, అంతకన్నా ఎక్కువ కోసం ల్యాప్‌టాప్‌ను వేడెక్కించడంలో ప్రయోజనం లేదు. మన జిల్లాలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అలాంటప్పుడు నీడలు, గడ్డి నాణ్యతలను మధ్యస్థంగా పెట్టుకుంటే ఆట సాఫీగా నడుస్తుంది, దృశ్యం కూడా పెద్దగా చెడదు.

కరెంటు పోయే ఊళ్లలో ఆడేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. ఆట ఎప్పటికప్పుడు తనే సేవ్ చేసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో కంప్యూటర్ ఆగిపోతే సేవ్ ఫైల్ చెడిపోయే ప్రమాదం ఉంది. విండోస్‌లో యాప్‌డేటా ఫోల్డర్‌లో రోమింగ్, దానిలో ఎల్డెన్‌రింగ్ అన్న ఫోల్డర్ ఉంటుంది. ఆటను మూసిన తర్వాత వారానికి ఒకసారైనా ఆ ఫోల్డర్‌ను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆటలో పాజ్ మీట లేదు గానీ, మెనూలోని సహాయ విభాగంలో మెనూల గురించి వివరించే పేజీ తెరిస్తే ఆట నిలిచిపోతుంది. ఇంట్లో పిలిచినప్పుడు ఆ పేజీ తెరిచి లేవండి.

ద్వారం తెరుచుకోవాలంటే

విస్తరణను కొన్నంత మాత్రాన దారి తెరుచుకోదు. అసలు ఆటలో ఇద్దరు బాస్‌లను ఓడించాలి: ఒకరు స్టార్‌స్కర్జ్ రదాన్, మరొకరు రక్తప్రభువు మోగ్.

రదాన్ కేలిడ్ ప్రాంతంలోని రెడ్‌మేన్ కోటలో ఉంటాడు. అక్కడ ఉత్సవం మొదలైతేనే అతనితో పోరాటం సాధ్యం. ఆల్టస్ పీఠభూమికి చేరి అక్కడి గ్రేస్‌ను (విశ్రాంతి తీసుకునే వెలుగు చోటును) తాకినా, రాన్నీ అనే పాత్ర కథను తగినంత ముందుకు నడిపినా ఆ ఉత్సవం మొదలవుతుంది. పోరాట మైదానంలో అక్కడక్కడా మెరిసే పిలుపు గుర్తులను తాకితే సహాయ వీరులు వస్తారు, పడిపోయినవారిని కొంతసేపటికి మళ్లీ పిలవవచ్చు. గుర్రం మీద తిరుగుతూ వారిని పిలుస్తూ ఉండడమే ఇక్కడి ఉపాయం. సగం ప్రాణం పోయాక అతను ఆకాశంలోకి ఎగిరి ఉల్కలా దిగుతాడు. అప్పుడు మాత్రం ఎవరినీ పిలవకుండా దూరంగా పరుగెత్తాలి.

మోగ్ దగ్గరికి రెండు దారులున్నాయి. మొదటిది తెల్లముసుగు వేసుకున్న ‘వారే’ అనే పాత్ర కథ. గాడ్రిక్ అనే బాస్‌ను ఓడించాక అతను లియూర్నియాలోని రోజ్ చర్చి దగ్గర కనిపిస్తాడు. అతను ఇచ్చిన రక్తపు వేళ్లు అనే వస్తువులతో ఇతర ఆటగాళ్ల లోకాలపై దాడి చేయాలి. లేదా ఆల్టస్‌లోని రైత్‌బ్లడ్ శిథిలాల దగ్గర మాగ్నస్ అన్న పాత్రను ఓడించినా సరిపోతుంది. ఇంటర్నెట్ సరిగా లేనివారికి ఈ రెండో మార్గం చాలా ఉపకరిస్తుంది. ఆ తర్వాత ఒక గుడ్డను కన్య రక్తంతో తడిపి తెచ్చిస్తే అతను ఒక పతకం ఇస్తాడు, దానిని వాడితే నేరుగా మోగ్విన్ ప్రాసాదానికి చేరతాం. రెండో దారి ఆట చివర్లో, హేలిగ్‌ట్రీ రహస్య పతకపు రెండు భాగాలనూ సంపాదించి చేరే మంచు మైదానపు పడమటి వైపున, నెత్తురు పూసిన ద్వారం గుండా సాగుతుంది. విస్తరణ కోసమే ఆడుతున్నవారు మొదటి దారినే పట్టుకోవడం మంచిది.

మోగ్‌ను ఎదుర్కొనే ముందు రెండు వస్తువులు సంపాదించుకుంటే శ్రమ సగం తగ్గుతుంది. లేండెల్ నగరం అడుగున ఉన్న మురుగు సొరంగాల్లో దొరికే మోగ్ సంకెల మొదటి దశలో అతన్ని కొద్దిసేపు నేలకు కట్టిపడేస్తుంది. ఎలియనోరా అనే శత్రువును ఓడిస్తే దొరికే ప్యూరిఫైయింగ్ క్రిస్టల్ టియర్‌ను ఫ్లాస్క్ అనే మందు సీసాలో కలుపుకుని, మోగ్ అంకెలు లెక్కపెట్టడం ముగించి శాపం పెట్టే సమయానికి తాగితే ఆ దెబ్బ చాలావరకు తగ్గుతుంది. అతను మరణించాక, వెనుకనున్న గూటి దగ్గరికి వెళ్లి అక్కడుండే లీడా అనే యోధురాలితో మాట్లాడి, గూటి నుంచి వేలాడుతున్న ఎండిన చేతిని తాకాలి. అప్పుడు మనం నీడల దేశంలో ఉంటాం.

దాటే ముందు పాత్రను సిద్ధం చేయడం

లెవెల్ 120 నుంచి 150 మధ్య ఉంటే చాలు. ప్రాణశక్తి అయిన విగర్‌ను 60కి దగ్గరగా తీసుకురావడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం; దాన్ని 40 దగ్గర వదిలేసి మిగతాదంతా బలం మీద పెట్టినవారే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. లెవెల్ తక్కువైతే మోగ్విన్ ప్రాసాదపు కొండదారి గ్రేస్ దగ్గర నిలబడి, లోయ అవతలి పెద్ద పక్షిని బాణంతో కొట్టండి. అది మన మీదికి పరుగెత్తుకొస్తూ అగాధంలో పడిపోతుంది, పడిన ప్రతిసారీ 11,000కు పైగా రూన్లు (లెవెల్ పెంచుకోవడానికి ఖర్చు చేసేవి) వస్తాయి.

విస్తరణలో ఎనిమిది కొత్త రకాల ఆయుధాలు ఉన్నాయి. వాటిలో ఒకటి నచ్చితే దాన్ని మొదటి నుంచి పెంచుకోవాలి కాబట్టి, ఆయుధాన్ని పెంచే స్మితింగ్ రాళ్లను అమ్మకానికి తెచ్చే బెల్ బేరింగులనే వస్తువులను అసలు ఆటలోనే సేకరించి రౌండ్‌టేబుల్ అనే స్థావరంలోని జంట కన్యలకు ఇచ్చి ఉంచండి. ఆయుధం మారితే పాత్ర అంకెలూ మారాలి. అందుకు రెనాలా అనే పాత్ర దగ్గర లార్వల్ టియర్‌లనే వస్తువులు వాడవచ్చు, నీడల దేశంలో అవి మరికొన్ని దొరుకుతాయి.

స్కాడుట్రీ ముక్కలు: అసలు కీలకం ఇదే

ఇక్కడ నిదానంగా చదవమని కోరుతున్నాను. నీడల దేశంలో స్కాడుట్రీ ముక్కలు అనే బంగారు రంగు వస్తువులు మొత్తం 50 ఉన్నాయి. ఏదైనా గ్రేస్ దగ్గర కూర్చుని నీడలోక ఆశీస్సు అన్న మెనూలో వీటిని సమర్పిస్తే మనం కొట్టే దెబ్బ పెరుగుతుంది, మనకు తగిలే దెబ్బ తగ్గుతుంది. గరిష్ఠ స్థాయి 20. పోనుపోను ఒక్కో స్థాయికి ఎక్కువ ముక్కలు కావాలి. ఈ బలం నీడల దేశంలో మాత్రమే పనిచేస్తుంది. తిరిగి పాత లోకానికి వెళితే దాని ప్రభావం ఉండదు. లెవెల్ 150 ఉన్న తమ్ముడు రెండు దెబ్బలకే పడిపోవడానికి కారణం అతని ఆశీస్సు సున్నా దగ్గర ఉండడమే. అదే తమ్ముడు రూన్లు పోగుచేసి మరో పది లెవెల్‌లు పెంచుకుంటే తేడా దాదాపుగా తెలియదు, మూడు నాలుగు ముక్కలు సమర్పిస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది.

విస్తరణ విడుదలైన కొద్ది రోజులకే, 2024 జూన్‌లోనే, కష్టం ఎక్కువగా ఉందన్న అభ్యంతరాల నడుమ సంస్థ ఒక మార్పు చేసింది. మొదటి సగం స్థాయిల్లో వచ్చే బలాన్ని పెంచి, తర్వాతి సగంలో నెమ్మదిగా పెరిగేలా సరిచేసింది. అందువల్ల ఇప్పుడు మొదటి పది స్థాయిలు త్వరగా తెచ్చుకున్నవారికి అత్యధిక లాభం.

ఇవి ఎక్కడ దొరుకుతాయో ఒక పద్ధతి ఉంది, దాన్ని గ్రహిస్తే పటం చేతిలో లేకపోయినా వెతకవచ్చు. మికెల్లా అన్న దేవపుత్రుడు ఈ దేశం గుండా నడుస్తూ, తన శరీరంలో ఒక్కో భాగాన్ని ఒక్కో చోట విడిచిపెట్టాడు. అలా విడిచిన చోట్ల వెలుగుతున్న శిలువలు నిలిచి ఉన్నాయి, సాధారణంగా వాటి పాదాల దగ్గర ఒక ముక్క ఉంటుంది. చర్చి శిథిలాలలో మారికా అనే దేవత విగ్రహాల ముందు కూడా ఉంటాయి. మూడో రకం కొంచెం ఓపిక కోరుతుంది: తల మీద వెలిగే కుండ మోస్తూ నిశ్చలంగా కూర్చుని ఉండే నీడమనుషులను కొడితే ముక్క రాలుతుంది, వారు తిరిగి దాడి చేయరు. కొన్నిటిని మాత్రం బలమైన జంతువులు, బాస్‌లు దాచుకుని ఉంటాయి.

ఇదే విధంగా రెవియర్డ్ స్పిరిట్ ఆష్ అన్న మరో వస్తువు ఉంది. ఇది మనం పిలిచే ఆత్మ సహచరులకు, మన గుర్రం టోరెంట్‌కు బలమిస్తుంది. దీని గరిష్ఠ స్థాయి 10. మిమిక్ టియర్ వంటి సహచరులను నమ్ముకుని ఆడేవారు దీన్ని నిర్లక్ష్యం చేయకూడదు. ఒంటరిగా పోరాడేవారికి దీని అవసరం తక్కువ.

మొదటి మైదానం: ఏ క్రమంలో తిరగాలి

మనం కళ్లు తెరిచేది గ్రేవ్‌సైట్ ప్లెయిన్ అనే సమాధుల మైదానంలో. దూరాన నిప్పుల బుట్ట తల మీద పెట్టుకున్న మహాకాయుడు నడుస్తూ కనిపిస్తాడు. అతన్ని ఇప్పుడే కదిలించవద్దు. దగ్గరలోని పడమటి అనామక సమాధిలో ఉన్న బ్లాక్‌గేల్ నైట్‌ను కూడా తర్వాతికి ఉంచండి. దారికి పక్కనే ఉండడం వల్ల కొత్తవారు ముందుగా అక్కడికే వెళ్లి నిరుత్సాహపడుతున్నారు.

మొదట స్కార్చ్డ్ శిథిలాల దగ్గర గ్రేస్ వెలిగించుకుని, మూడు దారుల కూడలిలోని శిలువ దాకా రండి. అక్కడ మొదటి ముక్క, దగ్గరలోనే రాతి స్తంభం దగ్గర ఈ మైదానపు పటం లభిస్తాయి. ఈ దేశమంతటికీ పటాలు ఐదు మాత్రమే. అక్కడి నుంచి తూర్పు వైపు వెళ్లి కన్సొలేషన్ చర్చిలో ముక్కలు తీసుకుని, దక్షిణాన పిల్లర్ పాత్ క్రాస్ దాకా వెళ్లి థియోలియర్ అనే పాత్రను పలకరించి, మళ్లీ వాయవ్యంగా బెలురాట్ నగర ద్వారం ముందున్న మెయిన్ గేట్ క్రాస్‌కు చేరండి. ఈ తిరుగుడులో ఎక్కడా పెద్ద పోరాటం చేయనవసరం లేదు, గుర్రం మీద వెళితే చాలు. బెలురాట్‌లో అడుగుపెట్టే సమయానికి ఆశీస్సు రెండు మూడు స్థాయిలకు చేరి ఉంటుంది.

ఇప్పుడు బెలురాట్‌లోకి వెళ్లి డాన్సింగ్ లయన్ అనే సింహరూపాన్ని ఎదుర్కోవచ్చు. అది మొదట శారీరక దెబ్బలతో మొదలుపెట్టి, తర్వాత మంచు, పిడుగు, గాలి రూపాలను మార్చుకుంటూ దాడి చేస్తుంది. తల వైపే లాక్ చేసుకుని ఉంటే కెమెరా అదుపు తప్పుతుంది కాబట్టి, లాక్ తీసి పక్కటెముకల వైపు తిరుగుతూ కొట్టడం మేలు. తలుపు బయట ఫ్రేయా అనే సహాయ యోధురాలి పిలుపు గుర్తు ఉంటుంది.

నిప్పుబుట్ట మహాకాయుల గురించి ఒక మాట. కాళ్లకు కవచం లేనివారిని గుర్రం మీద తిరుగుతూ కాళ్ల మీదే కొడితే పడిపోతారు, అప్పుడు ముఖం దగ్గర బలమైన దెబ్బ వేయవచ్చు. కాళ్లకు కవచం ఉన్నవారికి ఆ పద్ధతి పనికిరాదు; ఎత్తయిన చోటు నుంచి పెద్ద నిప్పుకుండలను ఆ బుట్టలోకే విసరాలి. వీరి దగ్గర ఫ్లాస్క్‌లో కలుపుకునే స్ఫటికాలు ఉంటాయి. సరైన క్షణంలో డాలు ఎత్తి దెబ్బ కాచుకునే అలవాటున్నవారు డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ అన్నదాన్ని తప్పక వెతకాలి, అది దొరికితే ఆట తీరే మారిపోతుంది.

మనుషులతో మాట్లాడవలసిన సమయం

మైదానం నుంచి ఎన్సిస్ కోట గుండా స్కాడు ఆల్టస్‌కు చేరతాం. కోట చివర రెల్లానా అనే బాస్ ఉంటుంది. ఆమె రెండు కత్తులలో ఒకటి అగ్నితో, రెండోది మాయాకాంతితో మండుతుంది. ఆమె గాలిలోకి లేచి చంద్రులను నేలకు దించినప్పుడు మూడు అలలు వరసగా వస్తాయి. పక్కకు దొర్లడం కన్నా ప్రతి అలకూ ఎగిరి దాటడం తేలిక. ఆశీస్సు నాలుగైదు స్థాయిల దగ్గర ఉంటే ఆమె సాధ్యమే. ఆ కోటలోని ఒక పెట్టెలో మిలాడీ అనే తేలికపాటి పెద్దకత్తి ఉంది; నేర్పుతో ఆడేవారికి విస్తరణ మొత్తంలో నాకు నచ్చిన ఆయుధం అదే.

ఈ దశలో చాలామంది ఎదురుగా కనిపించే షాడో కీప్ వైపు నేరుగా పరుగుతీస్తారు. దయచేసి ఆగండి. ఆ కోటను సమీపించగానే ఎక్కడో ఒక మహా రూన్ పగిలిందనీ, దానితోపాటు ఒక బలమైన వశీకరణ కూడా తెగిపోయిందనీ సందేశం వస్తుంది. అప్పటిదాకా మికెల్లా ప్రభావంలో కలిసిమెలిసి ఉన్న అనుచరులు ఆ క్షణం నుంచి మారిపోతారు, పాత పగలు గుర్తుతెచ్చుకుంటారు. అందువల్ల ఆ సందేశం రాకముందే లీడా, ఆన్స్‌బాక్, మూర్, ఫ్రేయా, హార్న్‌సెంట్, థియోలియర్ అందరినీ కలిసి, చెప్పిందే తిరిగి చెప్పేదాకా మాట్లాడించాలి. ఈ ఆటలో తెలుగు లేదు, సంభాషణలు పాతకాలపు ఇంగ్లీషులో ఉంటాయి. అర్థం కాకపోయినా పూర్తిగా వినిపించుకుంటే కథ ముందుకు కదులుతుంది.

హైరోడ్ క్రాస్ దగ్గర ఒక సన్యాసి రాసిన చీటీ ఉంటుంది. దాన్ని చదివితే ఒక అభివాదం నేర్చుకుంటాం. మూర్త్ శిథిలాల దగ్గర మౌనంగా నిలబడిన డ్రైలీఫ్ డేన్ ముందు ఆ అభివాదం చేస్తే అతను పోరాటానికి దిగుతాడు, గెలిస్తే ఒట్టి చేతులతో పోరాడే ఆయుధాన్ని ఇస్తాడు. మాటల్లేకుండా జరిగే ఈ చిన్న ఘట్టం నాకెంతో ఇష్టం.

పక్కదారులే పెద్ద దారులు

షాడో కీప్‌లోకి వెళ్లేముందు దక్షిణాన, తూర్పున తిరిగి రావాలి. ఈ దేశపు పటం ఒక విషయంలో మోసం చేస్తుంది: పక్కపక్కన కనిపించే రెండు చోట్ల మధ్య వందల అడుగుల లోతు ఉండవచ్చు. గండికోట అంచున నిలబడి అడుగున పారుతున్న పెన్నను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నది కళ్లెదుటే ఉంటుంది గానీ దానిని చేరే దారి ఎక్కడో మొదలవుతుంది. ఇక్కడ కూడా కింద ఏదైనా కనిపించి దారి లేకపోతే, దూకడానికి ప్రయత్నించకుండా ఆ లోయలోకి దిగే గుహ ఎక్కడ మొదలవుతుందో వెతకాలి.

ఎన్సిస్ కోట ముందరి గ్రేస్ పరిసరాల నుంచి కొండవారగా దిగితే ఎల్లాక్ నది చేరతాం. అక్కడి గుహ దాటి నది వెంట దక్షిణంగా నడిస్తే నీలిపూలు పరచుకున్న సెరూలియన్ తీరం వస్తుంది. దాని చివర స్టోన్ కాఫిన్ ఫిషర్ అన్న అగాధం ఉంది, అడుగున ప్యూట్రెసెంట్ నైట్ కాపలా కాస్తుంటాడు. అతన్ని దాటితే సెయింట్ ట్రీనా కనిపిస్తుంది. మికెల్లా విడిచిపెట్టిన ప్రేమే ఆమె. ఆమె మకరందాన్ని తాగితే మనం మరణిస్తాం. అయినా పలుమార్లు తాగితేనే ఆమె గొంతు వినిపిస్తుంది. ఆ మాటలను థియోలియర్‌కు చేరవేయడం ద్వారా అతని కథ పూర్తయి, చివరి పోరాటంలో అతను మన పక్కన నిలుస్తాడు.

మైదానపు తూర్పు అంచున డ్రాగన్స్ పిట్ అన్న గొయ్యి ఉంది. అక్కడి ఏన్షియంట్ డ్రాగన్ మ్యాన్‌ను ఓడిస్తే డ్రాగన్లకు ఎక్కువ హాని చేసే పెద్ద కటానా దొరుకుతుంది. దాన్ని పట్టుకునే జాగ్డ్ పీక్ శిఖరం ఎక్కాలి, ఎందుకంటే పైన బేల్ అనే భయంకరమైన డ్రాగన్ ఉన్నాడు. దారిలో గాయపడి ఏడుస్తూ, శపిస్తూ పడివున్న ఇగాన్ అనే యోధుణ్ని వదలకుండా పలకరించండి. శిఖరం మీద అతను ఇచ్చే వేలు అనే వస్తువుతో అతన్ని యుద్ధానికి పిలవవచ్చు. ఆ పోరాటంలో అతని అరుపులు వినకుండా బేల్‌ను చంపినవారు ఈ విస్తరణలోని గొప్ప ఘట్టాన్ని పోగొట్టుకున్నట్టే.

మూర్త్ శిథిలాల వెనుక గోతిలోంచి దిగితే బానీ గ్రామం. మనుషులను కోసి కుండల్లో కూరిన ఆ గ్రామంలో ‘ఓ మదర్’ అనే అభివాదం దొరుకుతుంది. దాన్ని భద్రంగా గుర్తుపెట్టుకోండి.

షాడో కీప్, దాని వెనుక

ఈపాటికి ఆశీస్సు పది స్థాయిలకు దగ్గరగా ఉంటుంది. కోట ప్రధాన ద్వారంలో బంగారు నీటిగుర్రం ఎదురవుతుంది. దాని నోటికి ఎదురుగా నిలబడకుండా, వెనుక కాళ్ల దగ్గర ఉండండి. ఓడిస్తే ముక్కలు కూడా ఇస్తుంది. లోపల ఎన్నో అంతస్తుల గిడ్డంగి ఉంది. ఆన్స్‌బాక్ ఇక్కడ పుస్తకాల మధ్య కూర్చుని ఉంటాడు. ఇదే గిడ్డంగిలో దొరికే రహస్య కర్మకాండల చుట్టను అతనికి ఇస్తేనే అతని కథ సాగుతుంది. ఇది మరిచిపోయేవారు చాలామంది.

గిడ్డంగి పైన మెస్మర్ ఉన్నాడు. మారికా కుమారుడైన ఇతను హార్న్‌సెంట్ ప్రజలను తగలబెట్టిన దండయాత్రకు నాయకుడు. అగ్నిని తట్టుకునే తాయెత్తు, మందు తీసుకుని వెళ్లాలి. అతని ఈటె దెబ్బలు వరసగా వస్తాయి గానీ వాటికి స్థిరమైన లయ ఉంది. వెనక్కి దొర్లేవారికి ఈటె పొడవు తప్పదు. అతని వైపుకే, కొంచెం ఎడమకు దొర్లితే చోటు దొరుకుతుంది. రెండో దశలో సర్పాలు బయటపడతాయి, అప్పుడు అతని నుంచి దూరం తీసుకుని అవి వెనక్కి తగ్గాకే కొట్టాలి. అతన్ని ఓడిస్తే వచ్చే నిప్పురవ్వ ముందుముందు అవసరం.

కోటలోని చర్చి ప్రాంతంలో మొదట నీరు నిండి ఉంటుంది. మీట తిప్పి నీరు పోగొడితే స్కాడుట్రీ మొదలుకు దిగే దారి బయటపడుతుంది. అక్కడి స్కాడుట్రీ అవతార్ మూడుసార్లు లేస్తాడు, నిప్పుకు తేలికగా లొంగుతాడు. అతను ఇచ్చే మికెల్లా మహా రూన్‌ను పారేసుకోకండి.

కోట వెనుక భాగాన కమాండర్ గేయస్‌ను ఓడించి ముందుకు వెళితే ఒక విగ్రహం దారిని మూసి ఉంటుంది. దాని ముందు ‘ఓ మదర్’ అభివాదం చేస్తే దారి తెరుచుకుని, పూలతో నిండిన నిశ్శబ్దమైన షామన్ గ్రామానికి చేరతాం. అది మారికా పుట్టిన ఊరు. బానీ గ్రామంలో కుండల్లో కూరబడినవారు ఆమె మనుషులే. శత్రువులెవరూ లేని ఆ ఊళ్లో ఒక చెట్టు దగ్గర ఆమె కోసి సమర్పించిన బంగారు జడ తాయెత్తుగా దొరుకుతుంది. అది పవిత్ర కాంతి దెబ్బలను బాగా తగ్గిస్తుంది.

సాహసం మిగిలినవారు జలపాతం వెనుక దారి, డార్క్‌లైట్ సమాధుల గుండా అబిస్ అడవికి వెళ్లవచ్చు. అక్కడ టోరెంట్ భయపడి రాదు, దాక్కుంటూ నడవాలి. అడవి చివర మిడ్రా భవనం ఉంది.

చెట్టును తగలబెట్టే ముందు

ప్రాచీన రావ్ శిథిలాల చివర రొమీనాను ఓడించాక, మెస్మర్ నిప్పురవ్వతో ముద్ర వేసిన చెట్టును తగలబెట్టమని ఆట అడుగుతుంది. ఒప్పుకునే ముందు ఒకసారి సరిచూసుకోండి: ఆన్స్‌బాక్‌కు చుట్ట ఇచ్చారా, థియోలియర్‌కు ట్రీనా మాట చెప్పారా, ఆశీస్సు 17 దాటిందా. ఇవి కాకుండా చెట్టును తగలబెడితే అనుచరుల కథల్లో చాలావరకు అక్కడితో మూసుకుపోతాయి.

తర్వాత ఎనిర్-ఇలిమ్ మెట్లు. దారిలో లీడా, ఆమె పక్షాన మిగిలినవారు ఒక్కసారిగా ఎదురవుతారు. ముందు మంత్రాలు, బాణాలు వేసేవారిని తొలగించి, లీడాను చివరికి ఉంచితే మేలు.

చివరి బాస్ ప్రామిస్డ్ కాన్సార్ట్ రదాన్. కేలిడ్‌లో మనం ఓడించిన వీరుడే, యవ్వనంలో ఉన్న రూపంతో. ఈ పోరాటం అతి కఠినంగా ఉందన్న విమర్శ వచ్చాక 2024 సెప్టెంబరులో సంస్థ 1.14 సవరణతో అతని మొదటి దాడిని మార్చి, కొన్ని దెబ్బల తీవ్రతను, పరిధిని తగ్గించింది. పాత వెర్షన్‌లో చిక్కుకున్నవారు ముందు ఆటను అప్‌డేట్ చేసుకోవాలి.

మొదటి దశలో అతని ఎడమ వైపు అంటిపెట్టుకుని ఉండడం మంచిది. రక్తస్రావం కలిగించే ఆయుధాలు అతని మీద బాగా పనిచేస్తాయి. దొర్లడం చేతకాదనుకునేవారు పెద్ద డాలు, పొడవైన ఈటె పట్టుకుని, డాలు వెనుక నుంచే పొడుస్తూ గెలవవచ్చు. దాన్ని తక్కువగా చూడవలసిన పనిలేదు. రెండో దశలో మికెల్లా అతని భుజాల మీద నిలుస్తాడు, ప్రతి దెబ్బ వెంటా పవిత్ర కాంతి పడుతుంది. షామన్ గ్రామపు బంగారు జడను ధరించవలసిన సమయం ఇదే. అతను మనల్ని పట్టుకుని మికెల్లా కౌగిలిలోకి తీసుకుంటే మొదటిసారి బతుకుతాం గానీ, రెండోసారి పట్టుకుంటే ప్రాణం ఎంత ఉన్నా ఓడిపోతాం. మొదటి కౌగిలి తర్వాత వెంటనే స్కాడుట్రీ అవతార్ ఇచ్చిన మహా రూన్‌ను వాడితే ఆ వశీకరణ తొలగిపోతుంది. దాన్ని ముందుగానే త్వరిత వస్తువుల జాబితాలో పెట్టుకోండి.

గెలిచాక వచ్చిన జ్ఞాపకాన్ని రౌండ్‌టేబుల్‌లో ఎనియా అనే పాత్రకు ఇచ్చి ఆయుధంగా మార్చుకోవచ్చు. రెండో పర్యాయం, అంటే న్యూ గేమ్ ప్లస్ మొదలుపెట్టాలనుకునేవారు మిగిలిన గుహలు, సమాధులు ముగించాకే మొదలుపెట్టండి. కొత్త పర్యాయంలో నీడల దేశానికి రావాలంటే రదాన్‌ను, మోగ్‌ను మళ్లీ ఓడించవలసి ఉంటుంది.